అంపశయ్యకు తలగడ

వికారాబాదు జిల్లా బొంరాస్‌పేటలో, చిరకాలము ప్రధానోపాధ్యాయులుగా నుండి విశ్రాంతి గైకొన్న ఒక పెద్దమనిషికిని, హైదరాబాదులో క్యాన్సర్ రోగుల నొప్పినివారణమే వృత్తిగా స్వీకరించిన ఆయన తమ్ముని కూతురికిని నడుమ, ఆ యింటి ఆడబిడ్డ నిమిత్తమై నడచిన వాదమిది. ఆ తల్లికి దవడలో పుట్టిన వ్రణము శస్త్రచికిత్సకును రేడియేషనుకును లొంగినట్లే లొంగి, ఏడాది తిరుగకమునుపే మరల తలయెత్తి, చెంపను తొలుచుకొని వెలికి వచ్చినది. నగరములోని వైద్యులు ఇక చేయగలిగినదేమియు లేదని, ఇంటికి తీసికొనిపొండని చెప్పి పంపినారు. అన్నగారు మరొక పెద్ద ఆసుపత్రిలో ఇంకొక విడత కీమో చేయించుటకై కంది పండు రెండెకరముల చేను అమ్మ సంకల్పించియుండగా, మేనకోడలు రోగి కాగితములను తన ఆసుపత్రిలో నమోదు చేయించి, మార్ఫిన్ మాత్రలతో ఊరికి వచ్చినది. ఇరువురి మాటలలోను ప్రేమయే కలదు. అయినను ఆ ప్రేమ ఇరువురిని చెరియొక త్రోవకు ఈడ్చినది. ఇట్టి వాదము నేడు మన యిండ్లలో లెక్కకు మిక్కిలిగా, తలుపులు మూసికొని జరుగుచున్నది గనుక, పేర్లు విడిచిపెట్టి దీనిని బహిరంగముగా వ్రాయుట మేలని తలచితిని.

పెదనాయన: బిడ్డా, నీ చదువును నేను తక్కువ చేయుటలేదు, మన వంశమున మొదట డాక్టరైనది నీవే యని నలుగురిలో చెప్పుకొని మురిసినవాడను నేనే. కాని యీ సంగతిలో నీ మాట నా మనసున కెక్కుటలేదు. తంబాకు నమలినందుననే చెల్లెలికి ఈ గతి పట్టినదని ఇల్లంతయు కుములుచుండగా, నీవు వచ్చి నల్లమందు సారమును ఆమె నోట వేయుమనుచున్నావు. నల్లమందు మ్రింగెనన్న మాటకు పల్లెలలో ఏమి అర్థమో నీకు తెలియనిది కాదు. పట్నపు వైద్యులు చేతులెత్తినారు. నీవు ఆ చేతులెత్తుటనే మందుబిళ్లగా చేసి తెచ్చినావని నాకు తోచుచున్నది.

వైద్యురాలు: పెదనాయనా, వారు చెప్పిన దానిలో సగమే నిజం. వ్రణాన్ని కరిగించడానికి ఇక మార్గం లేదన్నంతవరకు ఒప్పుకుంటాను. అత్తకు చేయగలిగింది లేదన్నది మాత్రం నిజం కాదు. ఆమె తెల్లవార్లూ నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఈ యింట ఎవరిని అడిగినా చెప్పలేకపోయినారు. నొప్పి రూపాయిలో ఎంతున్నది అత్తా అని అడిగితే, పదహారణాలూ ఉన్నదని వేళ్లతో చూపింది. దవడ నుంచి చెవిలోకి కరెంటు కొట్టినట్లు పాకుతున్నదని సైగ చేసింది. అది నరాల నొప్పి. దానికి మార్ఫిన్‌తో పాటు రాత్రిపూట అమిట్రిప్టిలిన్ అనే చిన్న మాత్ర కావాలి. పుండు వాసనకు పిల్లలు ఆ గది గడప తొక్కడం మానేసినారు. ఆమె కూడా సిగ్గుతో కొంగు అడ్డం పెట్టుకొని గోడవైపు తిరిగి పడుకుంటున్నది. ఉప్పునీళ్లతో పుండు కడిగి, మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి చల్లి కట్టుకడితే, వాసన పుట్టించే క్రిములు నశించి కొద్ది రోజుల్లోనే ఆ బాధ తగ్గుతుంది. పరిగిలోనో కొడంగల్‌లోనో ఏ మందుల దుకాణంలోనైనా దొరికే చవక మాత్ర అది. నోరు తెరవలేని మనిషికి ముక్కుగొట్టం ద్వారా జావ, పప్పుకట్టు ఎలా పోయాలో పెద్దమ్మకు నేర్పవచ్చు. మార్ఫిన్ మాత్రను నలిపి నీళ్లలో కలిపి ఆ గొట్టంలోనే పోయవచ్చు. ఎప్పుడైనా పుండు నుంచి నెత్తురు కారితే చూచినవారు బెదిరిపోకుండా, అదిమిపట్టడానికి ముదురురంగు గుడ్డలు మంచం పక్కన ఉంచుకోవాలని ముందే చెప్పవచ్చు. ఇన్ని పనులు మిగిలి ఉండగా ఏమీ లేదని ఎట్లా పంపినారో, అదే వృత్తిలో ఉన్న నాకు కూడా అర్థం కాదు.

పెదనాయన: ఇవన్నియు సేవ. సేవను కాదనుటకు నేను పాషాణమును కాను. రేపే పుండు కడుగుట పెద్దమ్మకు నేర్పుము. నా తగవు మార్ఫిన్‌తోనే. 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చినప్పుడు నేను కుర్ర ఉపాధ్యాయుడను. ఆ పదార్థములను తాకినవానికి పదేండ్ల కఠినశిక్ష కలదని తరగతిలో పిల్లలకు బోధించితిని. ప్రభుత్వమే విషమని కట్టడి చేసినదానిని ఔషధమని నా చేతులతో ఎట్లు పోయుదును?

వైద్యురాలు: ఆ చట్టం దొంగవ్యాపారులను పట్టడానికి వచ్చింది, చిక్కినవారు రోగులు. ఒక ఆసుపత్రి మార్ఫిన్ తెప్పించుకోవాలంటే నాలుగైదు అనుమతులు, వేరువేరు కార్యాలయాలనుంచి, అన్నీ ఒకే కాలంలో చెల్లుబాటులో ఉండేటట్లు సంపాదించవలసివచ్చేది. లెక్కలో చిన్న పొరపాటు దొర్లినా జైలన్న భయంతో దుకాణాలు అమ్మడం మానేసినాయి, ఆసుపత్రులు కొనడం మానేసినాయి, చివరకు వైద్యవిద్యార్థులు ఆ మందు రాయడమే మరచిపోయినారు. 1985కు 1997కు నడుమ మనదేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ నూటికి 97 వంతులు పడిపోయింది. అదే కాలంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్ చేలలో ప్రభుత్వ లైసెన్సుతో పండిన నల్లమందు నీమచ్, ఘాజీపూర్ కర్మాగారాలకు చేరి, విదేశాల రోగులకు మందు కావడానికి ఓడలెక్కింది. మన నేలలో పండిన మందు మన రోగికి అందలేదు. ఈ అన్యాయాన్ని చూచి కేరళ వైద్యుడు రాజగోపాల్, ఆయన సహచరులు దాదాపు రెండు దశాబ్దాలు ఢిల్లీ కార్యాలయాల చుట్టూ తిరిగిన మీదట, 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ — ఈ ఆరింటిని ప్రజలకు అవసరమైన ఔషధాలుగా వేరుచేసి, వాటికి దేశమంతటా ఒకే పద్ధతి, ఒకే అనుమతి చాలునన్నారు. మీరు 1985 పాఠం చెప్పినారు. దాని తరువాతి పాఠం ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు. తప్పు మీది కాదు.

పెదనాయన: చట్టము మారినంతమాత్రమున వస్తువు గుణము మారునా? అమెరికాలో ఇట్టి మాత్రలకు అలవాటుపడి వేలకొలది జనము మడియుచున్నారని పత్రికలలో చదువుచున్నాను. అంత చదువుకొన్న దేశమే తట్టుకొనలేనిదానిని మన మండలమునకు తెచ్చెదవా?

వైద్యురాలు: మీరు చదివింది నిజం, నేను దాన్ని తేలిక చేయను. అక్కడ కంపెనీలు లాభాపేక్షతో, ఈ మందుల వల్ల అలవాటు పడే భయం లేదని వైద్యులను నమ్మించి, నడుమునొప్పికి, మోకాళ్లనొప్పికి కూడా నెలల తరబడి రాయించినారు. అక్కడి పాపం అతి; ఇక్కడి పాపం లేమి. ఆ అతికి భయపడి ఈ లేమిని సమర్థించుకోరాదు. అందుకే మార్ఫిన్‌ను మేము తాళంలో ఉంచుతాము, ప్రతి మాత్రకు లెక్క రాస్తాము, ఇంట్లో మిగిలిన మాత్రలు వెనక్కు తెప్పించుకుంటాము. ఇక అత్త సంగతి. మొదట 5 మిల్లీగ్రాములు, చాలకపోతే 10, నాలుగు గంటలకొకసారి. నొప్పి వచ్చేదాకా ఆగి వేయడం కాదు, గడియారం చూచి వేయడం. రాత్రి పడుకునేటప్పుడు రెట్టింపు మోతాదు ఇస్తే మధ్యలో లేపే పని ఉండదు. నడుమ నొప్పి పొడుచుకొని వస్తే ఇంకొక మోతాదు. మొదటి రెండు మూడు రోజులు మత్తుగా ఉంటుంది. అందులో కొంత ఆమె ఇన్నాళ్లుగా బాకీపడిన నిద్ర. వాంతి వచ్చినట్లుంటే దానికి మాత్ర ఉన్నది. అదీ వారంలో సర్దుకుంటుంది. విడిచిపోనిది మలబద్ధకం ఒక్కటే. కనుక మొదటిరోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు తప్పదు. నొప్పి ఉన్న శరీరంలో, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయిన మార్ఫిన్ ఊపిరిని ఆపదు. పైగా ఆయాసపడే రోగికి అదే మందు ఊపిరి భారాన్ని తేలిక చేస్తుంది. మోతాదు మితిమీరితే ముందు కనబడేది గాఢమైన మత్తు, అప్పుడు తగ్గిస్తాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ఈ పద్ధతిని మూడు మెట్లుగా రాసి అన్ని దేశాలకూ పంపింది: మొదట పారాసిటమాల్ వంటివి, తరువాత కోడీన్ వంటివి, చాలకపోతే మార్ఫిన్, వీలైనంతవరకు నోటిద్వారా, వేళ తప్పకుండా. అత్త మొదటి రెండు మెట్లు ఎప్పుడో దాటింది. ఇప్పటికీ ఆమెకు పారాసిటమాలే వేస్తున్నారు.

పెదనాయన: సరే, ప్రాణము తీయదనుకొందము. తెలివి తీయదా? మన పెద్దలు కోరినది సుఖమైన చావును కాదు, స్మరణతో కూడిన చావును. కర్మ అనుభవింపక తీరునది కాదు. ఒడలెల్ల బాణములు గ్రుచ్చుకొని, నేలను తాకక అంపశయ్యపై ఒరిగిన భీష్ముని తలచుకొనుము. శల్యములు పెరుకుటలో నేర్పరులైన వైద్యులను దుర్యోధనుడు వెంటబెట్టుకొని వచ్చినప్పుడు, వారికి ధనమిప్పించి గౌరవించి పంపివేయుమన్నాడే గాని, చికిత్సకు ఒప్పుకొనలేదు. ఉత్తరాయణము వచ్చువరకు ఓర్చినాడు; ఓర్చుచునే ధర్మరాజునకు సమస్త ధర్మములు బోధించినాడు. అది మన ఆదర్శము. నొప్పిని ఓర్చుట తపస్సు. తప్పించుకొనుట పిరికితనమని నేననను గాని, ఆ తపస్సును మందుతో భంగము చేయుట నాకు సమ్మతము కాదు.

వైద్యురాలు: ఆ కథ మీ ఒళ్లో కూర్చుండి విన్నదే గనుక ధైర్యం చేసి చెబుతున్నాను. భీష్ముడు వద్దన్నది బాణాలు పెరికే వైద్యులను. అంటే, వ్యాధిని తొలగించే చికిత్స కాలం దాటిందని ఆయన గ్రహించినాడు. కాని ఆనాడే, తల వేలాడుతున్నది, ఆధారం కావాలని అడిగినాడు గదా. రాజులు మెత్తని పట్టుదిండ్లు తెస్తే ఇవి నా పడకకు తగినవి కావన్నాడు. అర్జునుడు ఆయన మనసెరిగి మూడు బాణాలు నాటి తల నిలబెట్టినాడు. దాహమన్నప్పుడు రాజులు భక్ష్యాలు, చల్లని నీళ్ల కుండలు తెస్తే అవీ వద్దన్నాడు; అర్జునుడు భూమిని కొట్టి జలధార తెప్పించినాడు. ఇక మీరు చెప్పిన బోధ సంగతి. శాంతిపర్వంలో కృష్ణుడు ధర్మం చెప్పమని కోరినప్పుడు భీష్ముడు ఏమన్నాడు? బాణాల మంటతో ఒళ్లు తపించిపోతున్నది, అవయవాలు సడలినవి, బుద్ధి నిలవడం లేదు, మాట పెగలడం లేదు, ఎట్లా చెప్పగలనన్నాడు. ఓర్చుకొని చెప్పుమని కృష్ణుడు అనలేదు. మంట, మూర్ఛ, ఆకలి, దప్పిక నిన్ను బాధించవని ముందు వరమిచ్చినాడు. ఆ తరువాతనే బోధ మొదలయింది. శాంతిపర్వం, ఆనుశాసనికపర్వం ఆ నొప్పి తీరిన మనిషి నోటినుంచి వచ్చినవే.

(ఇక్కడ పెద్దాయన లేచి లోపలికి పోయి, బీరువాలోని పుస్తకము తెచ్చి, కండ్లద్దములు పెట్టుకొని చాలసేపు ఆ ఘట్టము వెదకి చదివికొన్నారు. తమకు తెలిసిన గ్రంథమే అయినను, శిష్యస్థానములోనివారు చెప్పినదానిని మూలముతో సరిచూచుకొనుట ఆ తరము ఉపాధ్యాయుల అలవాటు. ఆ అలవాటు నాకు మిక్కిలి ప్రీతికరమైనది.)

పెదనాయన: ఘట్టమున్నది, నీవు కల్పించినది కాదు. అయినను అది వాసుదేవుని వరము. నీ మాత్రకు ఆ మహిమ యెక్కడిది?

వైద్యురాలు: మహిమను నేను మాత్రకు అంటగట్టడం లేదు. భారతకర్త నొప్పిని ఎట్లా చూచినాడన్నదే నా ప్రశ్న. దాన్ని పుణ్యంగా చూచి ఉంటే, కృష్ణుని చేత తీసివేయించడు. అంతటి జితేంద్రియుడు, ఇచ్ఛామరణం వరంగా పొందినవాడు, ఆ మంటలో ధర్మం చెప్పలేనని ఒప్పుకున్నాడు. అత్త మునుపటిలాగా సంజెవేళ రామనామం చెప్పుకోవడం మానేసిందని మీరే బాధపడినారు. ఆమె తెలివిని మింగింది మార్ఫిన్ కాదు. మార్ఫిన్ ఇంకా ఆమె గొంతు దాటలేదు. కర్మ మాటకు వస్తే, శస్త్రచికిత్స, రేడియేషన్ చేయించినప్పుడు కర్మకు అడ్డం పడుతున్నామని మనలో ఎవరికీ తోచలేదే! చేను అమ్మి కీమో చేయించడానికి అడ్డురాని కర్మ మాత్రకే ఎందుకు అడ్డువస్తున్నది?

పెదనాయన: ఆ చేనునే అడిగితివి గనుక చెప్పెదను. 2007లో ఆరోగ్యశ్రీని మొట్టమొదట మూడు జిల్లాలలో ప్రారంభించినప్పుడు అందులో మన మహబూబ్‌నగర్ ఒకటి. బొంరాస్‌పేట అప్పటికి ఆ జిల్లాలోనిదే. కార్డు పుణ్యమున శస్త్రచికిత్సకు నేను పైసా పెట్టలేదు. ఇప్పుడు, కార్డు చాలని చోట, తోడబుట్టినదానికి రెండెకరములు పెట్టలేకపోయినాడని రేపు ఊరు నన్ననదా? ఊరు సంగతి అటుంచుము. నా మనసు నన్ననదా? తుదిదాక ప్రయత్నించినానన్న తృప్తియైనను నాకు మిగులవలదా?

వైద్యురాలు: ఆ తృప్తి మీకు మిగలాలనే నేనూ కోరుకుంటున్నాను, దానికి అత్త ఒంటిని ఖర్చు పెట్టవద్దు. ఇంకొక కీమో విడతకు ఆమె రక్తం, బరువు తట్టుకోవని ఆమె పరీక్షల కాగితాలు చూచిన వైద్యులందరిదీ ఒకే మాట. నేనూ చూచినాను, నాదీ అదే. ఒక సంగతి చెబుతాను. 2010లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మంది రోగుల ఫలితాలు ప్రకటించినారు. కొందరికి మామూలు క్యాన్సర్ చికిత్స, కొందరికి దానితో పాటు మొదటినుంచీ ఉపశమన చికిత్స. రెండో జట్టువారికి దిగులు తక్కువగా ఉన్నది, చివరి రోజుల్లో చేసే ఉధృతమైన చికిత్సలు తక్కువగా జరిగినవి. అయినా వారే దాదాపు మూడు నెలలు ఎక్కువ బ్రతికినారు. అది ఊపిరితిత్తుల రోగుల లెక్క. అత్తకూ అంతే అని ఆశపెట్టను. కాని నొప్పి తీర్చడమంటే ప్రాణాన్ని వదిలేయడం అన్న మాట ఆ లెక్క ముందు నిలవదు. నిజానికి దవడలో పుండని తేలిన మొదటిరోజే అత్త మా దగ్గరికి రావలసింది. అన్నీ అయిపోయిన తరువాత వచ్చేది ఉపశమన చికిత్స అనుకోవడం వల్లనే, అది వచ్చిందంటే అన్నీ అయిపోయినవని జనం భయపడుతున్నారు.

పెదనాయన: నీ యుక్తులకు నా యొద్ద బదులు లేకపోవచ్చును. ఇక నేనడుగుదానికి నీవు బదులు చెప్పుము. నీవు తెచ్చిన మాత్రలు కొన్ని వారములకు సరిపోవును. అవి అయిపోయిన నాడు? వంద కిలోమీటర్లకు దగ్గర దూరము. బొంరాస్‌పేట నుండి పరిగి, మన్నెగూడ, చేవెళ్ల దాటి పట్నము చేరుటకు ఒక పూట, క్యూలో ఒక పూట, మరలి వచ్చుటకు ఒక పూట. మన యింట డాక్టరున్నది గనుక మనకు చెల్లినది. తాండూరు నాపరాతి గనులలో బండలు కొట్టు కూలికి ఎవరున్నారు? అతని భార్య దినకూలి విడిచి మాత్రలకై పట్నము తిరుగునా? నొప్పి తీరుట హక్కని మీరు సభలలో పలుకుదురు. ఆ హక్కు చేవెళ్ల మఱ్ఱిచెట్ల కీవలికి వచ్చినట్లు నేను చూడలేదు. మందు పట్నమునకు, ఓర్పు పల్లెకు అని పంచి, పల్లెవాడు ఓర్చుకొనినప్పుడు వానిది మూఢభక్తి యనుట న్యాయమా?

(ఈ వాదములో అన్నిటికంటె బలమైన మాట ఇదేనని నా యభిప్రాయము. నొప్పిని తపస్సని పల్లెవారు గౌరవించుట వెనుక, మందు దొరకని తరములు తమ నిస్సహాయతకు ఇచ్చుకొన్న మర్యాద కొంత లేకపోలేదు.)

వైద్యురాలు: న్యాయం కాదు. ఇక్కడ నేను మీ పక్షమే. జరిగింది చెబుతాను, జరగవలసింది మీరే చెప్పండి. రెడ్‌హిల్స్‌లో 1955లో మొదలైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఏర్పడింది 2006లో. అంటే ఆసుపత్రి పుట్టిన యాభై ఏండ్లకు. డాక్టర్ గాయత్రీ పాలట్ గారు, వారి తోటివారు దాన్ని నిలబెట్టినారు. అక్కడ తయారైన వైద్యులు, నర్సులు ఇతర చోట్లకు వెళ్లినారు. కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం ఉన్నది గదా. 1962లో నగర మేయరైన వనపర్తి రాణి కుముదినీదేవి గారు, కుష్ఠురోగులను ఊళ్లనుంచి తరిమేసే కాలంలో వారి కోసం కట్టించినది. మన పాత పాలమూరు జిల్లా కోడలే అనుకోండి. ఆ ఆవరణలోనే ఆమె పేరిట చివరిదశ రోగులకు ఆశ్రయం నడుస్తున్నది. తరువాత ప్రభుత్వం చేవెళ్లలో మొదలుపెట్టి జిల్లాలకు ఉపశమన కేంద్రాలను విస్తరించింది. ఆలన పేరుతో నర్సులు బండిలో ఇండ్లకు వెళ్లి పుండ్లు కడుగుతున్నారు, మాత్రలిస్తున్నారు. కేరళలో ఇది ఇంకా ముందుకు పోయింది. 1993లో కాలికట్‌లో ఒక చిన్న గదిలో మొదలైన పని, ఊరూరా మామూలు మనుషులు, టీచర్లు, ఆటో నడిపేవారు, గృహిణులు వంతులు వేసుకొని రోగుల ఇండ్లకు వెళ్లేదాకా పెరిగి, 2008లో ప్రభుత్వ విధానమే అయింది. అక్కడ సాధ్యమైనది ఇక్కడ కానిది కాదు. అయితే, మీరన్నట్లు, ఈ రాత్రి బొంరాస్‌పేటలో నొప్పితో మూలిగే మనిషికి చేవెళ్ల కూడా దూరమే.

పెదనాయన: ఒప్పుకొంటివి, సంతోషము. నేనును ఒప్పుకొందును: మాత్ర వేయుదము. కాని ఒక కట్టుబాటు. చెల్లెలికి వ్యాధి మరల వచ్చినదని చెప్పరాదు. దవడ వాపు తగ్గుటకు మందనియే చెప్పవలెను. ఆశ యొక్కటే ఆమెకు మిగిలిన బలము. దానిని తీసివేయుట క్రౌర్యము.

వైద్యురాలు: ఆమె చెంప ఆమెకు తెలియదా, పెదనాయనా? అద్దం ఎవరు తీసివేసినారో, ఎందుకు తీసివేసినారో ఆమెకు తెలియదా? నేను వెళ్లి వ్యాధి పేరు, మిగిలిన కాలం నెత్తిన వేసి రాను. ఏమి తెలుసుకోవాలని ఉన్నది, ఎవరిని చూడాలని ఉన్నది, ఆసుపత్రిలో ఉండాలనా ఇంట్లో ఉండాలనా అని అడుగుతాను. పట్టుదిండ్లు తెచ్చిన రాజులు భీష్ముని మనసు కనుక్కోలేదు. మనమూ ఇన్నాళ్లుగా చేను అమ్మడమా మానడమా, మాత్రా కీమోనా అని వాదించుకుంటున్నాము గాని, అత్తను ఒక్క మాట అడగలేదు. ఆమె తెలుసుకోవద్దనుకుంటే ఆ ఇష్టాన్ని మన్నిస్తాను. నేరుగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పను. చెప్పిన అబద్ధం బయటపడిన రోజు, నొప్పి తగ్గుతుందని నేను చెప్పే మాటను కూడా ఆమె నమ్మదు.

పెదనాయన: అడుగుట కొప్పుకొందును. చెప్పుట కొప్పుకొనను. ఆమె నిన్ను నేరుగా అడిగినచో, అన్నను పిలువుమని చెప్పుము. చెప్పవలసివచ్చినచో నేనే చెప్పెదను, నీవు ప్రక్కన నుండుము.

వైద్యురాలు: మీరు చెప్పడమే మేలు. కాని వాయిదా వేయవద్దు.

(ఈ యంశమున వారు పూర్తిగా ఏకీభవింపలేదు. నా మట్టుకు నేను డాక్టరు పక్షమే. ఇల్లు, చేను, బిడ్డల పెండ్లిండ్లు, ఎవరికేమి పెట్టవలెనన్న కోరికలు ఉన్న మనిషికి, తన కాలమెంతయో తెలిసికొను అధికారము ఇతరులు దాచిపెట్టదగినది కాదు. ఐనను తోడబుట్టినదానికి ఆ మాట తన నోట చెప్పెదనన్న అన్నగారి నియమమునందు ఏ వైద్యగ్రంథమును నేర్పని మర్యాద కలదు.)

పెదనాయన: ఇక మన మండలము సంగతి. నీవు పట్నమునకు మరలిపోవుదువు. ఇచ్చటి ప్రభుత్వాసుపత్రిలో ఈ మాత్ర దొరకవలెనన్న ఏమి కావలెనో చెప్పుము. నేను వ్రాసెదను. అర్జీలు వ్రాయుటలో నాకు అలవాటున్నది. బడికి గదులట్లే తెచ్చినాను.

వైద్యురాలు: రాసుకోండి. 2014 సవరణ, దాని తరువాతి నియమాల ప్రకారం, ఆసుపత్రి గుర్తింపుకోసం రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్‌కు దరఖాస్తు చేయాలి. నొప్పినివారణలో శిక్షణ పొందిన వైద్యుడొకరు ఉండాలి. తాళం వేసే బీరువా ఒకటి, వచ్చిన మాత్ర, ఇచ్చిన మాత్ర రాసే రిజిస్టరు ఒకటి కావాలి. పుండు కడగడం, గొట్టం పెట్టడం ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు నేర్పడానికి మావంటివారు వస్తారు.

పెదనాయన: ఇంతేనా?

వైద్యురాలు: ఇంతే, పెదనాయనా.

పెదనాయన: ఇంతదానికా ఇన్నేండ్లు! కాగితము తెమ్ము.

ఆ రాత్రి మొదటి మోతాదు ఇచ్చినారు. వేళలు పెద్దమ్మకు కనబడునట్లు పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటించినది పెద్దాయనయే. చేను అమ్మలేదు. జిల్లా వైద్యాధికారి పేర అర్జీ సిద్ధమైనది; దానిలో చెల్లెలి పేరు లేదు, మండలములోని రోగులందరి పక్షమున అని కలదు. ఈ వ్యాసము చదువువారిలో బొంరాస్‌పేట, దుద్యాల, కొడంగల్, దౌలతాబాద్ మండలములవారున్నచో, దానిపై తమ సంతకము చేర్చవలసినదిగా ప్రార్థించుచున్నాను. తక్కినవారు తమ తమ ప్రభుత్వాసుపత్రికి పోయి, నోటితో వేసుకొను మార్ఫిన్ ఇచ్చట దొరకునా అని ఒక్కసారి అడుగుడు. దొరకదన్నచో, పైన డాక్టరు చెప్పిన సంగతులనే వ్రాసి అర్జీ పెట్టుడు. చట్టము 2014 నుండి అందుకు సమ్మతించియే యున్నది.